తాటాకులో లేని జోళ్ళు

"పట్టుకో నాయనా!" అని తాడు కొస మాచన చేతిలో పెట్టి, రెండో కొస తన నడుముకు బిగించుకుని, తాళ్ళ లింగన లోయలోకి దూకేశాడు.

చూస్తూ ఉండగానే దూకేశాడు! తాడు కొందామని వచ్చిన మాచన ఆ కొసను రెండు చేతులా ఒడిసిపట్టాడు. సర్రున జారిపోతున్న తాడు అరచేతుల తోలు లేపేసింది. అతను ఒక కాలు బండకు తన్నిపెట్టి, వెనక్కి వాలి, పళ్ళు బిగబట్టి దాన్ని ఆపాడు. లోయ ఎంత లోతో తెలియదు. అడుగున పారే ఏరు దారప్పోగంత సన్నగా కనబడుతోంది.

"చచ్చాడు! మన కళ్ళ ఎదటే చచ్చాడు!" అని వెనకనుంచి, మాచనకు తోడు వచ్చిన ముసలి వంటవాడు కూర్మయ్య గొల్లుమన్నాడు. "నేనైతే చూడలేదు బాబూ. ఎవరైనా అడిగితే కూర్మయ్య అటు తిరిగి ఉన్నాడని చెప్పు."

అంతలో లోయలోంచి తాపీగా ఒక గొంతు వినిపించింది.

"తాడెట్లా ఉంది నాయనా?"

"తాడు సంగతి తర్వాత! నువ్వెట్లా ఉన్నావయ్యా?" అని అరిచాడు మాచన.

"నాకేం, గాలి చల్లగా తగులుతోంది. ఇంకో రెండు బారలు వదులు. ఊగి చూపిస్తాను."

అన్నమాట ప్రకారం ఆ మహానుభావుడు ఏడుసార్లు ఇటునుంచి అటు ఊగి, ఒకసారి తలకిందులుగా కూడా వేలాడి, అప్పుడు లాగమన్నాడు. పైకి వచ్చాక పంచె దులుపుకుని, మాచన అరచేతులు తిప్పి చూసి, సంతృప్తిగా తల ఊపాడు.

"మా ఊరి ఆనవాయితీ ఇది. పేనినవాడు వేలాడాలి, కొనేవాడు పట్టాలి. నా తాడు ఎలాంటిదో నీకు తెలిసింది, నీ పట్టు ఎలాంటిదో నాకు తెలిసింది."

"ఎవరూ వదిలెయ్యలేదా ఇప్పటిదాకా?"

"మా నాన్నను ఒకడు వదిలాడు," అని లింగన మామూలుగా చెప్పి తాడు చుట్ట చుట్టసాగాడు.

ఆ ఊరి పేరు తొలిమెట్టు. దాని నెత్తిన, ఆకాశాన్ని పొడవడానికి ఎత్తిన ఆంబోతు కొమ్ములా నిలబడి ఉన్నది వెండికొమ్ము పర్వతం. తొలిపొద్దు కిరణాలు సోకితే కెంపుల రాశిగా, మిట్టమధ్యాహ్నం కరిగించి పోసిన రజతధారగా, సంధ్యవేళ పసుపు రాసిన గడపగా రంగులు మార్చే ఆ మహాశిఖరం మీదికి దారి ఒక్కటే. అది తొలిమెట్టు ఉత్తర ద్వారంలోంచే పోతుంది, దిగివచ్చేది కూడా ఆ ద్వారంలోంచే. ఊరంతా కలిపి నూరు గడపలు ఉంటాయేమో. ప్రతి గడపా కొండెక్కేవాళ్ళకు ఏదో ఒకటి తయారుచేసేదే. ఒక ఇంట్లో చమరీమృగాల వెంట్రుకతో తాళ్ళు పేనుతారు, పక్క ఇంట్లో మంచుగొడ్డళ్ళు సాగగొడతారు, ఎదుటి ఇంట్లో గొంగళ్ళు నేస్తారు. వీధిలో నడుస్తుంటే సుత్తి చప్పుళ్ళూ, పచ్చితోలు వాసనా, సత్తుపిండి వేగే కమ్మదనమూ కలిసి మీద పడతాయి.

ఈ మంచుదేశానికి మాచన ఎందుకు వచ్చాడంటే, అన్న కోసం. దక్షిణాన సముద్రతీరంలో తాళధ్వజపురం రాజ్యం వాళ్ళది. అన్నదమ్ములిద్దరూ తాటిచెట్లు గీసేవాళ్ళు. అన్న బయ్యన నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడితే ఊరు వింతగా చెప్పుకునేది, కానీ నడుముకు మోకు వేసుకుని చెట్టుకు అడుగు ఆనించాడంటే ఉడుత కూడా పక్కకు తప్పుకోవలసిందే. పోయిన ఏడు భస్మకేశుడనే మాంత్రికుడు ఏదో దివ్యమూలిక కోసం వెండికొమ్ము ఎక్కుతూ, తాడుపని తెలిసినవాడు కావాలని బయ్యనను తీసుకుపోయాడు. తిరిగివచ్చింది భస్మకేశుడు ఒక్కడే. ఇప్పుడతను రాజుగారి ఆంతరంగికుడు. పదమూడు రోజుల కిందట అతను మాచనను పిలిపించి, అంజనం వేసి చూపించాడు. మంచుగుహలో కూర్చుని "తమ్ముడూ, తమ్ముడూ" అని పిలుస్తున్న అన్న ముఖం అందులో కనిపించింది. ఏడాది నిండేలోగా, అంటే ఎల్లుండి పొద్దుగూకే లోపల, తోడబుట్టినవాడు వెళ్ళి తెచ్చుకుంటే సరి, లేకపోతే అన్న మీద ఆశ వదులుకోవాలి అని చెప్పాడు.

పాపం, ఎంత దయగా చెప్పాడో! ఏమేమి సామాను కావాలో కూడా తన చేత్తోనే తాటాకు మీద రాసి ఇచ్చాడు. తన వంటవాడు కూర్మయ్యను తోడు ఇచ్చాడు. కూర్మయ్యకు అరవై ఏళ్ళు దాటాయి. బానపొట్ట, బట్టతల, క్షణం మూతపడని నోరు. ఎత్తు అంటే ఎంత భయమంటే, దారిలో ఒక సత్రంలో అరుగు ఎక్కడానికి కూడా గోడ పట్టుకున్నాడు. కాళ్ళకు ఏవో పగుళ్ళని గురువుగారు మందు రాసి గుడ్డలు చుట్టారట, వెండికొమ్ము దాటేదాకా విప్పకూడదట. పన్నెండు రోజులుగా ఆ ముసలాణ్ణి మాచన విసుక్కుంటూనే ఉన్నాడు, మూటలన్నీ అతని నెత్తినే పెడుతున్నాడు.

"సరే, ఇంకేం కావాలో చదువు," అన్నాడు మాచన.

కూర్మయ్య తాటాకు కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "మంచుగొడ్డళ్ళు రెండు. అయిపోయింది. గొంగళ్ళు నాలుగు. అయిపోయింది. సత్తుపిండి, బెల్లం, నెయ్యి. నెయ్యి ఇంకాస్త తీసుకోవలసింది బాబూ, చచ్చేముందు కాస్త బాగా తినాలి కదా. మంచు తళుకుకు కళ్ళు పోకుండా చెక్క కళ్ళజోళ్ళు, అడ్డసందు గోరంత మందమే ఉండాలి. అయిపోయింది. పాదాలకు కట్టుకునే ఇనుప గోళ్ళు. తాడు. అంతే."

"అంతేనా?" అన్నాడు లింగన.

"అంతే."

"ఇంకోసారి చూడు పెద్దాయనా. జోళ్ళు లేవూ?"

కూర్మయ్య ఆకు తిరగేసి కూడా చూశాడు. జోళ్ళు లేవు.

మాచన నవ్వేశాడు. "జోళ్ళెందుకయ్యా మాకు? పుట్టి బుద్ధెరిగాక నేను జోడు తొడగలేదు. చెట్టెక్కే కాలికి తోలు అడ్డం. ఇనుప గోళ్ళు పాదానికే కట్టుకుంటాను."

లింగన నవ్వలేదు. ఇంటి పక్కన మంచునీళ్ళు పారే రాతితొట్టి దగ్గరికి మాచనను లాక్కుపోయి, అందులో నిలబడి నూరు లెక్కపెట్టమన్నాడు. ఇదో పరీక్షా అని మాచన మీసం దువ్వి దిగాడు. ముప్పై దాకా ఎముకలు కొరికినట్టయింది. అరవై దాటాక హాయిగా అనిపించింది. నూరు కాగానే లింగన దబ్బనం తీసి అతని కాలి బొటనవేలిలో దింపాడు.

నెత్తురు వచ్చింది. నొప్పి మాత్రం రాలేదు.

మాచన వంగి చూసుకున్నాడు. తన కాళ్ళు! యాభై అడుగుల తాటిచెట్టు మొవ్వు దాకా తనను మోసిన కాళ్ళు, ఎవరివో అయినట్టు నీళ్ళలో పడి ఉన్నాయి.

"ఇది ఊరి నీళ్ళు," అన్నాడు లింగన. "పైన మొదటి పూటకే వేళ్ళు నల్లబడతాయి, రెండో పూటకు రాలతాయి. కళ్ళజోడు సందు ఎంత మందం ఉండాలో కూడా తెలిసిన మనిషి నీకు జోళ్ళు రాయడం మరిచిపోయాడంటావా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు నాయనా. జోళ్ళు కుట్టే చోటికి నువ్వు పోకూడదని రాయలేదేమో. పద, చెన్నవ్వ దగ్గరికి."

చెన్నవ్వ ఇల్లు ఉత్తర ద్వారాన్ని ఆనుకునే ఉంది. లోపలికి అడుగుపెట్టగానే మాచన నిలబడిపోయాడు. నేలనుంచి దూలాల దాకా నాలుగు గోడలకూ బల్లలు, బల్లల నిండా కాల్చిన మట్టి అచ్చులు, ఒక్కో అచ్చులో ఒక్కో మనిషి పాదాల జత. వందలు ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరివవ్వా?"

"ఎక్కి దిగిరాని వాళ్ళవి నాయనా," అంది చెన్నవ్వ. తోలు ముడతల్లాంటి ముఖం, అందులో కందిగింజల్లాంటి కళ్ళు. "జోళ్ళు కుట్టే ముందు ప్రతివాడి అడుగూ అచ్చు తీస్తాను. దిగివచ్చినవాడు ద్వారం దగ్గర తన అచ్చులో కాలు పెట్టాలి. సరిపోతే వాడే వచ్చినట్టు. అచ్చు వాడి చేత్తోనే పగలగొట్టి ఊళ్ళోకి రావచ్చు."

"సరిపోకపోతే?"

"సరిపోకపోతే వాడు కాదన్నమాట. పైన ఒకడున్నాడు, శీతదంష్ట్రుడని. మనిషి ముఖం కాజేస్తాడు, గొంతు కాజేస్తాడు, అవి తొడుక్కుని దిగుదామని చూస్తాడు. అరికాలు మాత్రం వాడి తరం కాదు. నేలతల్లిని ముట్టుకునేది కదా, దాన్ని ఏ మంత్రమూ మార్చలేదు." ఆమె పచ్చి బంకమట్టి పలక ముందుకు తోసింది. "వెయ్యి అడుగు."

మాచన రెండు పాదాలూ అదిమి తీశాడు. అవ్వ వంగి చూసి, వేలితో తడిమింది. "పాదాల లోపలి అంచుకు ఈ కాయలేమిటి? పోయిన ఏడు కూడా ఇలాంటి అడుగు ఒకటి వేశారు."

"తాటినార బంధం కాళ్ళకు వేసుకుని చెట్టెక్కుతాం అవ్వా, దాని కాయలు. ఆ వేసింది మా అన్న బయ్యన."

చెన్నవ్వ లేచి, కింది వరసలోంచి ఒక అచ్చు తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. మాచన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. కుడిపాదం నడుమ నెలవంకలాగా ఒక గాటు గుర్తు. తనకు ఎనిమిదేళ్ళప్పుడు చెట్టు మీదనుంచి గీతకత్తి జారవిడిస్తే, కింద పడుకుని ఉన్న అన్న అరికాలు చీరింది. నాన్న కర్ర తీస్తే, నేనే చూసుకోకుండా తొక్కాను అని అన్న ఒక్కమాట చెప్పి ఊరుకున్నాడు. మాచన ఆ అచ్చును నొసటికి ఆనించుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు, అతను ఆపుకోవాలని కూడా చూడలేదు.

"ఊరుకో నాయనా. పెద్దాయనా, నువ్వు రా. గుడ్డలు విప్పు," అంది అవ్వ.

"నావి విప్పకూడదమ్మా!" కూర్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "గురువుగారి ఆన. మందు ఉంది, పగుళ్ళున్నాయి, వాసన కూడా వస్తుంది. నాకు జోళ్ళక్కర్లేదు. అసలు నేనే అక్కర్లేదు. నన్నిక్కడే వదిలేస్తే మీ అందరికీ వండిపెట్టుకుంటూ..."

లింగన వెనకనుంచి అతన్ని ఒడిసిపట్టి పీట మీద కూలేశాడు. చెన్నవ్వ చుట్టలు చుట్టలుగా గుడ్డలు విప్పి పారేసింది. మందు లేదు, పగుళ్ళు లేవు. ముసలాడు మొత్తుకుంటూనే ఉన్నాడు, ఆమె అతని పాదాలు మట్టిలో అదిమి పైకి తీసింది.

తీసి, అలాగే వంగి ఉండిపోయింది.

"నువ్వు ఏం పని చేస్తావన్నావు పెద్దాయనా?"

"వంట చేస్తానమ్మా. పప్పు, పులుసు, పండగైతే బూరెలు..."

"వంటవాడి కాళ్ళకు చెట్టెక్కే కాయలెందుకు కాశాయి?"

చెన్నవ్వ మాచన ఒళ్ళోంచి బయ్యన అచ్చు లాక్కుని నేల మీద పెట్టింది. "ఇందులో పెట్టు."

కూర్మయ్య బిత్తరచూపులు చూస్తూ ఎడమ కాలు పెట్టాడు, తర్వాత కుడి కాలు పెట్టాడు. మడమ మడమలో కూర్చుంది, వేళ్ళు వేళ్ళలో కూర్చున్నాయి. చీమ దూరే సందు కూడా మిగలలేదు.

మాచన పాకుతూ వచ్చి ఆ కుడి కాలు పట్టుకుని ఎత్తి అరికాలు చూశాడు. నెలవంక అక్కడ ఉంది.

పన్నెండు రోజులు! పన్నెండు రోజులుగా ఎవరి కోసం కొండలూ వాగులూ దాటి వస్తున్నాడో, ఆ మనిషి నెత్తిన మూటలు పెట్టుకుని తన వెనకే నడిచి వచ్చాడు. నడవలేకపోతే తాను కసిరాడు. చలికి వణికితే రెండో గొంగడి ఇవ్వలేదు. నిన్న మధ్యాహ్నం ఆఖరి రొట్టెముక్క తానే తిని, ముసలాడికి బెల్లం నీళ్ళు చాలన్నాడు.

"అన్నా!" అన్నాడు ఎట్టకేలకు.

"పిచ్చిగానీ పట్టిందా బాబూ?" కూర్మయ్య కాలు లాక్కోబోయాడు. "నేను కూర్మయ్యను. మా ఊరు... మా ఊరు..." అతను ఆగిపోయాడు. పన్నెండు రోజుల్లో మొదటిసారిగా ఆ నోరు మూతపడింది. కాసేపటికి చిన్న గొంతుతో అన్నాడు: "పోయిన ఏడు మాఘమాసానికి ముందు నాకేమీ గుర్తులేదమ్మా. ముసలితనం అనుకున్నాను."

చెన్నవ్వ పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పోయిన ఏడు ఒక బూడిదజుట్టువాడు ఈ కుర్రాడి అన్నతో ఎక్కాడు. వాడు ఈ దారిన మళ్ళీ దిగలేదు. వాడికి ఆకాశమార్గం తెలుసునేమో, ముఖం పోయిన బయ్యనకు ఈ ముసలి ఒళ్ళు తగిలించి ఆ దారినే తీసుకుపోయి ఉంటాడు. ఆ మర్నాడు మాత్రం బయ్యన ముఖంతో, బయ్యన గొంతుతో ఒకటి దిగివచ్చింది. అచ్చులో కాలు సరిపోలేదు. దివిటీలు పట్టుకుని తరిమాం. ద్వారం ముందున్న వంతెన అవతల నిలబడి రోజంతా ఏడ్చింది, నేను బయ్యననే తలుపు తియ్యండి అని. నాకే మనసు కరిగిపోయింది నాయనా. శీతదంష్ట్రుడికి ఇప్పుడు కావలసింది ఈ కాళ్ళు. వాటి మనిషి వెండికొమ్ము మీద, సొంత రక్తం పంచుకున్నవాడి చేతిమీదుగా చావాలి. అప్పుడే ఆ కాళ్ళు వాడివవుతాయి. ఆ మాంత్రికుడు శీతదంష్ట్రుణ్ణి కిందికి తెచ్చుకోవాలని చూస్తున్నాడు. ఒక్కమాట అడుగుతాను, దాచకు. ఈ పెద్దాయన సంగతి నీకేమైనా చెప్పి పంపాడా?"

మాచన ముఖం పాలిపోయింది.

"చెప్పాడు. ముసలాడు ఎక్కలేడు, మధ్యలో తాడుకు బరువైతే ముడి విప్పి వదిలెయ్ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను," అన్నాడు మాచన. "నవ్వి మరీ అన్నాను అవ్వా."

కూర్మయ్య అతనివైపు చూశాడు. తిట్టలేదు, ఏడవలేదు. తన గుడ్డపేలికలు ఏరుకుని మడతపెట్టసాగాడు. అది చూసి మాచనకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"అన్నను ఇక్కడే మీ దగ్గర ఉంచి నేనొక్కణ్ణే వెళతాను," అన్నాడు.

"లాభం లేదు. దాని దగ్గరున్న ముఖం, గొంతు వీడివి. వీడు ఎదురుగా నిలబడి నావి నాకివ్వు అని అడిగితేనే వస్తాయి. ఎల్లుండి పొద్దుగూకితే ఏడాది నిండుతుంది, ఆ తర్వాత అవి దానివే. వీడు ఇలాగే ఎవరో తెలియకుండా చచ్చిపోతాడు."

ఎవరూ కూర్మయ్యను బలవంతపెట్టలేదు. అతనే కాసేపు పొట్ట నిమురుకుంటూ కూర్చుని, చివరికి నిట్టూర్చాడు.

"నాకు నువ్వెవరో గుర్తులేదు బాబూ. నీ మీద ప్రేమ పుట్టుకొస్తోందని అబద్ధం చెప్పలేను. కానీ ఊరు పేరు కూడా తెలియని బతుకు నాకొద్దు. ఆ జోళ్ళేవో త్వరగా కుట్టమ్మా, ధైర్యం ఉన్నప్పుడే తొడుక్కుంటాను. ఎక్కువసేపు ఉండేది కాదు అది."

చమరీమృగం తోలు, లోపల కుందేటి బొచ్చు, పైన మైనం పూత. చెన్నవ్వా, ఆమె ఇద్దరు కోడళ్ళూ కలిసి మర్నాడు తెల్లవారేసరికి రెండు జతలు సిద్ధం చేశారు. పొద్దు పొడుస్తూండగా ఉత్తర ద్వారం తెరుచుకుంది. లింగన తానే ఇద్దరి నడుములకూ ఒకే తాడు కట్టి, నడుమ ఏడు బారలు వదిలి, ముడులు మూడుసార్లు లాగి చూశాడు.

వంతెన దాటారో లేదో, పైనుంచి పిలుపు వినిపించింది.

"తమ్ముడూ! మాచనా! వచ్చావురా!"

అదే గొంతు. చెట్టు మీదనుంచి కల్లుకుండ దించుతూ అన్న పిలిచే గొంతు. మాచన కాళ్ళు వాటంతట అవే పరుగు అందుకోబోయాయి. అతను నాలుక కరుచుకుని నిలదొక్కుకున్నాడు, వెనక్కి తిరిగి చూశాడు. అసలు మనిషి ముక్కు తుడుచుకుంటూ, తాడు రెండు చేతులా పట్టుకుని, వంతెన మీద కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు.

మధ్యాహ్నానికి మంచుగోడ ఎదురైంది. ముప్పై నిలువుల ఎత్తు, అద్దంలాంటి నునుపు. మాచన గొడ్డలితో మెట్లు చెక్కుతూ ముందు ఎక్కాడు. కింద కూర్మయ్య ఒక్కో మెట్టుకూ ఒక్కో దేవుణ్ణి మొక్కుకుంటూ, మొక్కిన దేవుడు పలకకపోతే తిట్టుకుంటూ వస్తున్నాడు. ఇరవై నాలుగు నిలువులు బాగానే గడిచాయి. అక్కడ గోడ ముందుకు ఉబ్బింది. ఆ ఉబ్బును మాచన దాటాడు. కూర్మయ్య కాలు పెట్టగానే ఆ ఉబ్బంతా ఫెళఫెళమని విరిగి లోయలోకి పోయింది.

తాడు ఫట్‌మని బిగిసింది. మాచన ఇనుప గోళ్ళు మంచును చీల్చుకుంటూ ఊడివచ్చాయి. రెండు నిలువులు జారి, గొడ్డలికి ఒక్కదానికే పట్టు దొరికితే, దాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. నడుముకు కట్టిన తాడు చివర, ఏడు బారల కింద, కూర్మయ్య గాలిలో గిరగిరా తిరుగుతున్నాడు. అతని కేకలు కొండంతా మోగుతున్నాయి.

"అయ్యో తమ్ముడా!"

మాచన తల ఎత్తాడు. గోడ అంచు మీదనుంచి వంగి చూస్తున్నాడు బయ్యన. అవే చిక్కటి కనుబొమలు, అదే ఎండకు కాగిన నుదురు, అదే పెదవి చివర నవ్వు. చేయి చాస్తే అందేంత దగ్గర.

"ఏడాది అయిందిరా నిన్ను చూసి," అంది ఆ ముఖం. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "నీ గొడ్డలి జారుతోంది చూడు. ఇద్దరి బరువు ఆపదు. ఆ ముసలాడి ముడి ఒక్కటి లాగెయ్. తర్వాత నేను నిన్ను అందుకుంటాను. ఎవడో వంటవాడి కోసం మన అమ్మను ఒంటరిని చేస్తావా?"

గొడ్డలి నిజంగానే జారుతోంది. ఊపిరికి ఒక వెంట్రుక చొప్పున మంచులోంచి బయటికి వస్తోంది.

"బాబూ!" కిందనుంచి కూర్మయ్య అరిచాడు. "అది చెప్పింది నాకు వినిపించింది! ముడి లాగేస్తే లాగెయ్, చెప్పకుండా మాత్రం లాగకు! నేను కళ్ళు మూసుకుంటాను!"

మాచన ఆ ముఖం వైపు చూశాడు. ఏడాదిగా కలలో చూసిన ముఖం. దానివైపు చూడకుండా ఉండాలంటే ప్రాణం పోతున్నట్టుంది. అతను బలవంతంగా తల కిందికి వంచాడు.

"అన్నా!" అన్నాడు లోయలోకి. "నేను వదలను. నువ్వు ఎక్కు."

"నాకు ఎక్కడం రాదు బాబూ! నేను వంటవాణ్ణి! నాకు రాదు!"

"నీ కాళ్ళకు వచ్చు! వాటిని ఎక్కనివ్వు!"

కూర్మయ్య ఏడుపు ఎక్కువైంది. గొడ్డలి మరో వెంట్రుక జారింది. అప్పుడు తాడు ఒక్కసారి చిన్నగా అదిరింది, మళ్ళీ అదిరింది. మాచనకు ఆ అదురు తెలుసు. చెట్టు కింద నిలబడి, పైకి పోతున్న అన్న మోకు చప్పుడు లెక్కపెట్టిన పిల్లతనం నాటి అదురు అది. అతను తల తిప్పి చూశాడు.

కూర్మయ్య కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. గొల్లుగొల్లుమంటూనే ఉన్నాడు. కొత్త జోళ్ళ కాళ్ళు రెండూ లోపలికి మళ్ళి, తాడును నడుమ ఇరికించి పట్టి, మోకాళ్ళు పొట్టదాకా ముడిచి, సాగి, మళ్ళీ ముడిచి, బానపొట్టను మోసుకుంటూ చకచకా పైకి వస్తున్నాయి. ఏడు బారల తాడు ఎక్కడానికి అతనికి ఏడు ఊపిరులు కూడా పట్టలేదు. మాచన భుజం మీద ఒక అడుగు, గొడ్డలి తల మీద ఒక అడుగు పడింది. ఆ బరువుకు గొడ్డలి మళ్ళీ మంచులోకి దిగింది. ఇనుప గోళ్ళు ఖణేల్మని పైగోడలో నాటుకున్నాయి.

"ఎక్కడున్నాను బాబూ? ఎక్కడున్నాను?"

"కళ్ళు తెరవకు అన్నా! ఎక్కు!"

అంచు మీది ముఖంలో నవ్వు పోయింది. అది మొదటిసారిగా ఒక అడుగు వెనక్కి వేసింది. నావి నాకివ్వు అని అడగడానికి బయ్యన కాళ్ళు దానివైపే వస్తున్నాయి.